కొండమీద ఐదుగురి ప్రార్థన

ఒక సంఘం కొత్త పని తలపెట్టినప్పుడల్లా పెద్దల సమావేశంలో మొదట వినబడే ప్రశ్నలు మనందరికీ తెలిసినవే. డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఎంతమంది వస్తారు? ఎన్నేళ్ళకు ఫలితం కనిపిస్తుంది? పక్క పేటలో కొత్త కూడిక ఆరంభించాలన్నా, రేకుల షెడ్డులో జరుగుతున్న ఆరాధనకు మందిరం కట్టాలన్నా, ఒక పల్లెకు సువార్తికుణ్ణి పంపాలన్నా ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా అడుగు ముందుకు పడదు. ఇవి అడగకూడని ప్రశ్నలని మేమనడం లేదు. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే బోధించాడు (లూకా 14:28). అయితే లెక్క చూసుకోవడం వేరు, లెక్క తేలితేనే దేవుణ్ణి నమ్ముతామనడం వేరు. ఆ తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలోనే జీవించిన ఒక దైవసేవకుని కథ మనకెంతో సాయపడుతుంది. ఆయనే రెవరెండ్ లైమన్ జ్యూయెట్.

ఒంగోలు పేరు చెప్పగానే విశ్వాసులకు గుర్తొచ్చేది డాక్టర్ జాన్ క్లౌ దొరగారు. వేలమంది ఒకేసారి బాప్తిస్మం పొందిన ఉజ్జీవంతో ఆయన పేరు ముడిపడిపోయింది. కానీ ఆ పంటకు ముందు విత్తనం చేత పట్టుకుని, దుక్కి కూడా సరిగా లేని నేలమీద ఏళ్ళ తరబడి నిలబడినవాడు జ్యూయెట్ గారు. ఆయన పేరున ఒంగోలులో బాప్టిస్టు మందిరం వెలసింది. అయినా ఆ ఊరు ఎన్నడూ ఆయన స్థిరనివాసం కాలేదు. ఈ చిన్న వాస్తవంలోనే ఆయన జీవిత సందేశమంతా ఇమిడి ఉంది.

జ్యూయెట్ గారు 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో వాటర్‌ఫోర్డ్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలోనూ, ఆ తరువాత న్యూటన్ వేదాంత విద్యాలయంలోనూ చదువుకున్నారు. 1848లో భార్య యుఫేమియాతో కలిసి ఓడెక్కారు. 1849లో నెల్లూరు చేరేనాటికి ఆయన వయసు 36 సంవత్సరాలు. ఆయన వచ్చింది వర్ధిల్లుతున్న మిషనుకు కాదు, మూసేద్దామా వద్దా అని మీమాంసలో ఉన్న మిషనుకు.

ఆ సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి. తెలుగువారి మధ్య అమెరికన్ బాప్టిస్టుల పనికి శ్రీకారం చుట్టిన శామ్యూల్ డే గారు 1836లో మన దేశానికి వచ్చారు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి తిరిగి, చివరికి 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆ సంవత్సరమే పెన్నా నదిలో మొదటి తెలుగు విశ్వాసికి బాప్తిస్మమిచ్చారు. కానీ కొన్నేళ్ళకే ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని స్వదేశానికి వెళ్ళవలసి వచ్చింది. ఆయన సహచరుడు వాన్ హ్యూసెన్ గారిదీ అదే పరిస్థితి. మిషనరీ ఎవరూ లేక నెల్లూరు కేంద్రం మూడేళ్ళకు పైగా స్థానిక సహాయకుల చేతుల్లోనే నడిచింది. అమెరికాలో పెద్దలకు సందేహం కలిగింది. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున బర్మాలో కరెన్లు గుంపులు గుంపులుగా ప్రభువును నమ్ముతుండగా, ఈవల తెలుగు నేలమీద ఇంత ధనం, ఇంత ప్రాణం ధారపోయడం వృథా కాదా అన్నది వారి ప్రశ్న. 1848లో ఆ చర్చ మొదటిసారి జరిగింది. డే గారు కన్నీళ్ళతో బతిమాలారు. మిషను బతికింది. ఆయన తిరుగు ప్రయాణంలో తోడుగా వచ్చినవారే జ్యూయెట్ దంపతులు.

జ్యూయెట్ గారు వచ్చీ రాగానే తెలుగు నేర్చుకోవడానికి పూనుకున్నారు. ఆ ఏడాది ముగిసేలోగానే తెలుగులో మొదటి ప్రసంగం చేశారు. ఆయన గొప్ప కార్యనిర్వాహకుడు కాదు. పెద్ద పెద్ద పథకాలు వేసి, లెక్కలు రాసి మెప్పించే స్వభావం ఆయనది కాదు. సన్నిహితులకు ఆయన ముఖ్యంగా ప్రార్థనాపరుడుగా తెలుసు. నెల్లూరు వీధుల్లో ప్రకటిస్తూ, పల్లెలు తిరుగుతూ, భార్య నడిపే చిన్న బడిలోని పిల్లల్ని చూసుకుంటూ ఆయన రోజులు గడిచాయి. ఏళ్ళు గడిచినా ఫలితం మాత్రం కొద్దిమంది విశ్వాసులే.

1853లో మళ్ళీ కష్టం ముంచుకొచ్చింది. డే గారి ఆరోగ్యం ఈసారి కోలుకోలేనంతగా చెడింది. ఆయన శాశ్వతంగా వెళ్ళిపోయారు. జ్యూయెట్ దంపతులు ఒంటరిగా మిగిలారు. అదే ఏడాది అమెరికాలో ఆల్బనీ పట్టణంలో జరిగిన మహాసభలో నెల్లూరు మిషనును మూసివేసే ప్రశ్న రెండోసారి లేచింది. మిషను కేంద్రాలను నక్షత్రాలుగా గుర్తించిన పటంలో బర్మా వైపు అనేక నక్షత్రాలు మెరుస్తుండగా, తెలుగు దేశం వైపు ఒకే ఒక్కటి కనిపించింది. ఆ ఒంటరి నక్షత్రం పేరు ఆ సభలో పలువురి నోట నలిగింది. అమెరికా దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ గారు ఆ సభలో ఉన్నారు. ఆ రాత్రి ఆయన ఆ నక్షత్రం గురించే ఒక చిన్న కవిత రాశారు. మర్నాడు సభలో దాన్ని చదివి వినిపించినప్పుడు పెద్దల హృదయాలు కరిగాయి. మిషనును మూసివేయవద్దని, పైగా మనుషుల్ని పంపి బలపరచాలని తీర్మానించారు.

ఇదంతా నెల్లూరులో ఉన్న జ్యూయెట్ గారికి కనిపించేది కాదు. తన పని ఉంటుందో ఊడుతుందో నిర్ణయించే మాటలు వేల మైళ్ళ దూరాన జరుగుతుంటే ఆయన చేయగలిగింది ప్రార్థన, పరిచర్య, ఎదురుచూపు. మనమైతే ఏం చేసేవాళ్ళం? ఉన్న పనే నిలుస్తుందో లేదో తెలియనప్పుడు కొత్త పని మాట ఎత్తేవాళ్ళమా? ఉన్నది కాపాడుకుంటే చాలుననుకుని తలుపులు బిగించుకునేవాళ్ళం. జ్యూయెట్ గారు అలా చేయలేదు. నెల్లూరుకు ఉత్తరంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒంగోలు వైపు ఆయన చూపు మళ్ళింది.

ఆ ఏడాది చివరిలో జ్యూయెట్ దంపతులు సువార్త ప్రయాణం చేస్తూ ఒంగోలు చేరారు. వారి వెంట ముగ్గురు తెలుగు విశ్వాసులున్నారు. ఒకరు నరసు అనే సువార్తికుడు. మిగిలిన ఇద్దరూ జూలియా, రూతు అనే స్త్రీలు. 1854 జనవరి 1. ఇంకా తెల్లవారకముందే ఐదుగురూ ఊరి పక్కనున్న కొండ ఎక్కారు. దీపం ఆరిపోతే మన తెలుగులో కొండెక్కిందంటాం. అమెరికాలో చాలామంది కళ్ళకు నెల్లూరు దీపం కొండెక్కబోతున్నట్టే ఉంది. ఆ వేళలో ఈ ఐదుగురు నిజంగానే కొండెక్కారు, దీపం ఆర్పడానికి కాదు, దాన్ని ఇంకొక ఊరికి తీసుకెళ్ళడానికి.

కొండమీద వారు ఒక కీర్తన పాడారు. సువార్త తెచ్చేవారి పాదాలు పర్వతాలమీద ఎంత సుందరమైనవో చెప్పే యెషయా 52వ అధ్యాయంలోని మాటలు చదువుకున్నారు. తరువాత ఒకరి వెంట ఒకరు మోకరించి ప్రార్థించారు. వారి మనవి ఒక్కటే. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని దేవుణ్ణి అడిగారు. ప్రార్థన ముగిసేసరికి తూర్పున పొద్దు పొడిచింది. కింద పరచుకున్న ఊరిని చూస్తూ జ్యూయెట్ గారు ఒక స్థలం వైపు వేలు చూపించి, మన మిషను బంగళాకు ఆ చోటు బాగుంటుంది కదా అని జూలియాను అడిగారంటారు. చేతిలో పైసా లేదు. పంపుతామన్న మనిషి లేడు. తన మిషను బతికుంటుందన్న భరోసా కూడా లేదు. అయినా స్థలం చూసిపెట్టుకున్నారు! తరువాతి కాలంలో ఆయన చూపిన ఆ స్థలమే మిషను చేతికి వచ్చింది. ఆ కొండను నేటికీ విశ్వాసులు ప్రార్థనా కొండ అని పిలుచుకుంటారు.

ఇప్పుడు మనం ఒక్క క్షణం ఆగి, ఆ ఉదయం ఆ ఐదుగురికీ కనిపించనిదేమిటో ఆలోచిద్దాం. వారు ఎవరి కోసం ప్రార్థించారో ఆ మనిషి అప్పటికే లోకంలో ఉన్నాడు. జాన్ ఎవరెట్ క్లౌ అనే 17 ఏళ్ళ యువకుడు అమెరికా పడమటి ప్రాంతంలో పెరుగుతున్నాడు. ఆ వయసులోనే భూములు కొలిచే సర్వే పనిలో మినెసోటా అడవుల్లో తిరిగినవాడు. బోధకుడు కాదు సరికదా, అప్పటికింకా విశ్వాసి కూడా కాడు. అతడు బాప్తిస్మం పొందింది ఆ తరువాత నాలుగేళ్ళకు, 1858లో. ఇక రెండో మనిషి ఒంగోలుకు పడమటగా తాళ్ళకొండపాడు ప్రాంతంలో ఉన్నాడు. పేరు యెర్రగుంట్ల పేరయ్య. తోలు పని చేసుకునే మాదిగ కులస్థుడు. సత్యం కోసం గురువుల్ని ఆశ్రయించి, యోగమార్గం పట్టిన సాధకుడు. కొండమీద మోకరించినవారికి ఈ ఇద్దరిలో ఒక్కరి పేరూ తెలియదు. దేవునికి ఇద్దరి పేర్లూ తెలుసు. విశ్వాసమంటే కనబడని వాటి ఉనికిని నమ్మడమని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చెప్పేది ఇలాంటి వాటి గురించే. మన ప్రార్థనకు జవాబు ఎక్కడో ఒకచోట పెరుగుతూ ఉంటుంది. అది మన కంటికి కనబడేంత పెద్దది కాలేదు, అంతే.

జవాబు వెంటనే రాలేదు. ఒక సంవత్సరం కాదు, రెండు కాదు, 12 సంవత్సరాలకు పైగా గడిచాయి. 1855లో డగ్లస్ గారు నెల్లూరుకు తోడు వచ్చారు గానీ ఒంగోలుకు మాత్రం ఎవరూ రాలేదు. 1862 నాటికి జ్యూయెట్ గారి ఆరోగ్యమూ చెడి ఆయన కూడా అమెరికా వెళ్ళవలసి వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే ప్రావిడెన్స్‌లో జరిగిన సభలో తెలుగు మిషనును మూసివేసే ప్రశ్న మూడోసారి లేచింది. జ్యూయెట్ గారు దారిలో ఉన్నారని, ఆయన చెప్పేది విన్నాక నిర్ణయిద్దామని కొందరు పెద్దలు ఆపారు. ఆయన వచ్చారు. తెలుగువారిని విడిచిపెట్టే ప్రసక్తే లేదన్నారు. మిషను పంపినా పంపకపోయినా తాను తిరిగి వెళ్ళి వారి మధ్య బతికి, వారి మధ్యే చనిపోతానన్నారు. అంత పట్టుదల చూసి మిషను కార్యదర్శి, అయితే మిమ్మల్ని పాతిపెట్టడానికైనా ఒక మనిషిని తోడు పంపాలి, లేకపోతే క్రైస్తవ మర్యాద కాదని అన్నట్టు ఆనాటి చరిత్రలు చెబుతాయి. నవ్వుతూ అన్న మాటే అయినా అది నిజమైంది. కాకపోతే ఆ తోడు వచ్చినవాడు సమాధి తవ్వలేదు, కోత కోశాడు.

ఆ తోడే క్లౌ. 1864 నవంబరు 30న ఆయన, భార్య హారియెట్, జ్యూయెట్ గారితో కలిసి బోస్టన్ రేవులో ఓడెక్కారు. నాలుగు నెలలు దాటిన సముద్ర ప్రయాణం తరువాత 1865 ఏప్రిల్‌లో మద్రాసు తీరం చేరారు. నెల్లూరులో ఉంటూ తెలుగు నేర్చుకున్న క్లౌ దంపతులు 1866 సెప్టెంబరులో ఒంగోలు వెళ్ళి కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది. తేదీ గమనించండి. కొండమీద ఐదుగురు మోకరించిన రోజుకు సరిగ్గా 13 ఏళ్ళు. ఐదుగురి ప్రార్థన ఎనిమిది మంది సంఘమైంది. లోకం లెక్కలో ఇది నవ్వుకోదగిన ఎదుగుదల. ఆనాటి మిషను ఖర్చు పుస్తకంలో ఏ గుమాస్తా అయినా దీన్ని నష్టం కిందే రాసి ఉండేవాడు.

ఇక్కడినుంచి కథ ఎవరూ ఊహించని దారి పట్టింది. అప్పటికే బాప్తిస్మం పొంది తన ఊరికి వెళ్ళిన పేరయ్య, తన వారితో ఆగకుండా సువార్త చెబుతూ వచ్చాడు. ఆ జనవరిలోనే క్లౌ గారు తాళ్ళకొండపాడు వెళ్ళి చింతతోపులో బస చేశారు. కొన్ని రోజులు ఓపికగా బోధించి, విచారించి, 28 మందికి బాప్తిస్మమిచ్చారు. వారంతా మాదిగలు. ఒంగోలులో కలకలం రేగింది. అంతవరకు మిషను బడికి పిల్లల్ని పంపుతూ, సువార్త పట్ల ఆసక్తి చూపుతున్న పై కులాలవారు వెనక్కి తగ్గారు. వీరిని చేర్చుకుంటే మేము రామన్నారు. బడి ఖాళీ అయింది.

కొత్త సంఘానికి ఎంత పెద్ద పరీక్ష! చదువు, పలుకుబడి, ధనం ఉన్నవారు ఒకవైపు. అంటరానివారని ఊరు వెలివేసినవారు ఇంకొకవైపు. తెలివిగల ఏ కమిటీ అయినా మొదటివారినే ఎంచుకోమంటుంది. ముందు పెద్ద కులాలవారు వస్తే తక్కినవారు వాళ్ళంతట వాళ్ళే వస్తారని వాదిస్తుంది. క్లౌ దంపతులు ఆ బాధతో వేర్వేరు గదుల్లో ప్రార్థిస్తూ, ఒకరికొకరు తెలియకుండా కొత్త నిబంధన తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనిపించింది. అది మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం 26 నుంచి 29 వచనాలు. లోకం తక్కువగా చూసేవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు రాసిన మాటలు. వారికి ఇంకేమీ సందేహం మిగల్లేదు. దేవుడు ఎవరిని పంపితే వారినే సంఘం చేర్చుకోవాలని తీర్మానించుకున్నారు.

కొత్త పని మొదలుపెట్టే ప్రతి సంఘమూ ఈ చోట బాగా ఆగి ఆలోచించాలని మేము విన్నవిస్తున్నాం. దేవుని సంకల్పం మనకు కనబడనప్పుడు నమ్మడం కష్టమనుకుంటాం. అది నిజమే. కానీ అంతకంటే కష్టమైనది, ఆ సంకల్పం కనబడినాక, అది మనం అనుకున్నట్టు లేనప్పుడు దాన్ని ఒప్పుకోవడం. పౌలుకు దర్శనంలో మాసిదోనియ పురుషుడొకడు కనబడి రమ్మని వేడుకున్నాడు. తీరా ఫిలిప్పీ వెళితే మొదట మాట విన్నది నదీతీరాన కూడుకున్న స్త్రీలు, వారిలో లుదియ (అపొ. 16:9-15). నాకు కనబడినది పురుషుడు కదా అని పౌలు వెనక్కి తిరగలేదు. అక్కడే కూర్చుని మాట్లాడాడు. ఐరోపాలో ఆయన స్థాపించిన మొదటి సంఘానికి పునాది అక్కడ పడింది. మనమైతే చాలాసార్లు ద్వారం తెరవమని ప్రార్థిస్తాం. తెరిచాక లోపలికి వచ్చినవారి ముఖం చూసి, కట్టుబట్టలు చూసి, కులం చూసి, మళ్ళీ ద్వారం మూసే ఆలోచన చేస్తాం.

ఆ తరువాతి సంగతి చాలామందికి తెలిసిందే. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిలో మహా కరవు వచ్చింది. లక్షలాదిమంది ఆకలికీ కలరాకీ బలైపోయారు. ప్రభుత్వం కరవు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుండగా క్లౌ గారు మూడున్నర మైళ్ళ కాలువకు కాంట్రాక్టు తీసుకున్నారు. కుర్రతనంలో మినెసోటాలో నేర్చిన సర్వే పని ఇన్నేళ్ళకు ఒంగోలు దగ్గర అక్కరకొచ్చింది! వేదాంత విద్యాలయం నేర్పని పనిని దేవుడు అడవిలో నేర్పించి ఉంచాడు. కూలీకి వచ్చిన వేలమంది ఆకలి తీర్చుకున్నారు. మేస్త్రీలుగా ఉన్న తెలుగు బోధకులు విశ్రాంతి వేళల్లో వారికి క్రీస్తును గురించి చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని వందలమంది అడిగారు. క్లౌ గారు ఇవ్వలేదు. అన్నం కోసం నమ్మారన్న నింద రాకూడదని సుమారు 15 నెలలు ఒక్కరికీ ఇవ్వకుండా ఆపారు. సహాయం పంచడం ముగిశాకనే చేర్చుకోవడం మొదలుపెట్టారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీళ్ళలో నిలబడి బాప్తిస్మమిచ్చారు. క్లౌ గారు ఒడ్డున ఉండి చూసుకున్నారు. ఆ జూన్ మధ్య నుంచి జూలై చివరి వరకు మొత్తం 8,691 మంది సంఘంలో చేరారు. మూడుసార్లు మూసేద్దామనుకున్న మిషను అది. కొంతకాలానికే ఒంగోలు సంఘం లోకంలోని బాప్టిస్టు సంఘాలన్నిటిలోకీ పెద్దదిగా పేరుపొందింది.

మరి ఆ రోజుల్లో జ్యూయెట్ గారు ఏం చేస్తున్నారు? తన ప్రార్థనకు ఫలం వచ్చిన ఒంగోలులో పీఠం వేసుకుని కూర్చోలేదు. ఈ పని నాది, నేను మొదలుపెట్టానని వాటా అడగలేదు. ఆ 1878లోనే, 65 ఏళ్ళ వయసులో, ఆయన నెల్లూరు విడిచి మద్రాసు నగరంలోని తెలుగువారి మధ్య మరొక కొత్త పనికి పూనుకున్నారు. పని నిలకడగా సాగే చోటును చిన్నవారికి అప్పగించి, మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టారు. తెలుగు బైబిలు సవరణ పనిలో కూడా పాలుపంచుకున్నారు. మరికొన్నేళ్ళకు ఆరోగ్యం సహకరించక స్వదేశానికి వెళ్ళిన ఆయన 1897 జనవరిలో ప్రభువు సన్నిధికి చేరారు. డే గారికి ఆ పాటి భాగ్యమూ దక్కలేదు. ఆయన 1871లోనే కన్నుమూశారు. గుండ్లకమ్మ ఒడ్డున జరిగిన సంగతి ఈ లోకంలో ఉండగా ఆయన చెవిన పడలేదు. విత్తేవాడొకడు, కోసేవాడొకడు అని ప్రభువు శిష్యులకు చెప్పినది (యోహాను 4:37) మన నేలమీద ఇలా నెరవేరింది. డే గారు విత్తారు, జ్యూయెట్ గారు కన్నీటితో తడిపారు, క్లౌ గారూ పేరయ్యా కోశారు. వీరిలో ఏ ఒక్కరు తమ భాగం చిన్నదనుకుని మానుకున్నా మిగిలినవారి పని నిలిచేది కాదు.

అలాగే మనం మరచిపోకూడనివారు ఇంకో ముగ్గురున్నారు. నరసు, జూలియా, రూతు. వారిని గురించి చరిత్ర పుస్తకాల్లో పెద్దగా రాసి లేదు. కానీ తెలుగు దేశంలో సువార్త తెల్లదొరలు మాత్రమే మోసిన భారం కాదనడానికి వారు సాక్షులు. కొండెక్కిన ఐదుగురిలో ముగ్గురు తెలుగువారు. మన సంఘాల్లో కూడా కొత్త పనికి తీర్మానం చేసేవారి పేర్లు శిలాఫలకం మీద ఉంటాయి. ఆ పని కోసం తెల్లవారుజామున లేచి ప్రార్థించిన వృద్ధురాలి పేరు ఎక్కడా ఉండదు. దేవుని గ్రంథంలో ఉంటుందని నమ్ముదాం.

కనుక కొత్త పని తలపెట్టిన సంఘాలకు జ్యూయెట్ గారి జీవితం నుంచి మేము ఈ కొద్ది మాటలు మనవి చేస్తున్నాం. మొదటిది, తీర్మానానికి ముందు ఆ స్థలానికి వెళ్ళండి. గదిలో కూర్చుని పటం చూడడం వేరు, ఆ ఊరిని కళ్ళారా చూస్తూ మోకరించడం వేరు. జ్యూయెట్ గారు ఒంగోలు కోసం నెల్లూరులో కూర్చుని కూడా ప్రార్థించవచ్చు. అయినా వెళ్ళారు. రెండోది, ఏడాదికో రెండేళ్ళకో ఫలం కనబడకపోతే అది దేవుని చిత్తం కాదని తేల్చేయకండి. పన్నెండేళ్ళు నోరు మూసుకుని ఉన్నట్టు కనిపించిన దేవుడు ఆ కాలమంతా ఒక సర్వేయరును బోధకుడిగా, ఒక యోగిని అపొస్తలుడిగా తీర్చిదిద్దుతున్నాడు. మూడోది, దేవుడు పంపేవారు మీరు కోరుకున్నవారు కాకపోవచ్చు. పక్క పేటలో కూడిక పెడితే ఉద్యోగస్థులు వస్తారనుకుంటారు, ఇటుక బట్టీల కూలీలు రావచ్చు. యువకులు వస్తారనుకుంటారు, పిల్లలు లేని ముసలివాళ్ళు రావచ్చు. వారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. నాలుగోది, మీరు మొదలుపెట్టినదాన్ని ఇంకొకరు పూర్తిచేస్తే అసూయపడకండి. పని నిలిచిందని సంతోషించి, మీకు అప్పగించబడిన తరువాతి పనికి లేవండి.

అబ్రాహాము ఎక్కడికి వెళుతున్నాడో తెలియకుండానే బయలుదేరాడని లేఖనం చెబుతోంది (హెబ్రీ 11:8). దారి తెలియదు గానీ పిలిచినవాడు తెలుసు. జ్యూయెట్ గారికి కూడా ఒంగోలు సంగతి తెలియదు, ఒంగోలును ప్రేమించినవాడు తెలుసు. ఆ కొండ నేటికీ ఒంగోలులో ఉంది. ఆ ఊరివైపు వెళ్ళినప్పుడు వీలైతే ఒక తెల్లవారుజామున దానిమీదికి వెళ్ళండి. కింద ఊరిలో ఆదివారం మోగే గంటలను ఒక్కసారి చెవియొగ్గి వినండి. 1854లో అక్కడ మోకరించినవారికి వాటిలో ఒక్క గంట కూడా వినబడలేదు. అయినా వారు ప్రార్థించి లేచి, కొండ దిగి, తమ పనికి తాము వెళ్ళారు. మన సంఘాలకూ ప్రభువు అదే విశ్వాసాన్ని దయచేయును గాక. ఆమేన్.